నేను మార్చి చెప్పిన కథ

అశోక్‌నగర్‌లో నేను నాలుగేళ్లు గ్రూప్స్‌కు చదివాను. సరిగ్గా చెప్పాలంటే మూడేళ్లు గ్రూప్స్‌కు, ఒక ఏడాది నవలలు చదివాను. ఆ ఒక ఏడాది నాలుగేళ్లలోనూ ముక్కముక్కలుగా పరుచుకుని ఉంది. ఉద్యోగం రాలేదు. ఎందుకు రాలేదని అడిగినవాళ్లకు పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ అని చెబుతాను. నోటిఫికేషన్లను నాలుగు తిట్లు తిడతాను. నవలల సంగతి ఎత్తను.

కోఠిలో డిగ్రీ చదివేటప్పుడే ఈ అలవాటు పట్టుకుంది. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో అంతరిక్ష నౌక బొమ్మ ఉన్న ఇంగ్లీషు నవల ఒకటి దొరికింది. అట్ట సగం చిరిగి ఉంది. అరవయ్యో పేజీ దగ్గర ఇద్దరు ఆడవాళ్లు ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. అది స్నేహంతో పట్టుకున్న చేయి కాదని చదవగానే తెలిసిపోయింది. నేను పుస్తకం మూసి, లేచి, మంచినీళ్లు తాగి, తలుపు గడియ వేసి ఉందో లేదో చూసుకుని, మళ్లీ అదే పేజీ తెరిచాను. అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. నాకు ఆడవాళ్లంటే ఇష్టమని అంతకుముందే తెలుసు. ఆ ఇష్టాన్ని అచ్చులో చూడడం మాత్రం అదే మొదలు.

ఆ తర్వాత అటువంటివే వెతికాను. మామూలు లోకంలో జరిగే కథల్లో నాలాంటి ఆడవాళ్లు చివరికి బావిలోనో, ఆస్పత్రిలోనో, ఇష్టం లేని పెళ్లిలోనో తేలేవాళ్లు. చదివి చదివి విసుగొచ్చింది. వేరే గ్రహాల కథల్లో మాత్రం వాళ్లు నీళ్ల ట్యాంకు కడిగే వంతు ఎవరిదని పోట్లాడుకునేవాళ్లు. నాకు కావలసింది ఆ పోట్లాట. దానికోసం రెండు సూర్యుళ్లున్న చోటికి వెళ్లాల్సి వస్తే వెళ్తాను, నాదేం పోయింది. ఒకటే షరతు, వాక్యం బాగుండాలి. వాక్యం బాగాలేకపోతే అందులో ఎంతమంది ఆడవాళ్లు ప్రేమించుకున్నా ఆ పుస్తకాన్ని పక్కన పడేస్తాను. ఈ విషయంలో నాకు జాలి లేదు.

హాస్టల్లో మా గది రెండో అంతస్తులో ఉండేది. రెండు ఇనుప మంచాలు, మధ్యలో ఒక మనిషి అడ్డంగా నడవగలిగినంత సందు. పక్క మంచం ఆమె నాకంటే మూడేళ్లు పెద్దది. అక్క అని పిలిచేదాన్ని. ఆమెది పాలమూరు పక్క పల్లె. అమ్మానాన్నలు ఇళ్లు కట్టే పనికి వచ్చి కవాడిగూడ బస్తీలో ఒక్క గదిలో ఉండేవాళ్లు. ఆ గదిలో చదువు సాగదని అక్క హాస్టల్‌కు వచ్చింది. ఆదివారం మాత్రం వెళ్లి అమ్మ చేతి జొన్నరొట్టె తినేది, నాకూ రెండు తెచ్చేది. నేను జనగామ పిల్లని, నాకు జొన్నరొట్టె కొత్త కాదు. అయినా ఆ రెండు రొట్టెల కోసం ఆదివారం సాయంత్రం కిటికీ దగ్గర కూర్చునేదాన్ని.

అక్కది తెలుగు మీడియం. పెద్ద పరీక్షలో ఇంగ్లీషు పేపరు గట్టెక్కాలి, లేకపోతే మిగతావి దిద్దనే దిద్దరు. ఆ పేపరంటే ఆమెకు చలిజ్వరం. నాకు లెక్కలంటే అదే జ్వరం. తొట్టిలోకి ఒక పైపు నీళ్లు పోస్తుంటే ఇంకో పైపు ఖాళీ చేస్తుంటుంది, తొట్టి ఎప్పుడు నిండుతుంది అంటారు. ముందు ఆ రెండో పైపు మూయండయ్యా అనిపించేది నాకు. అక్క నాకు లెక్కలు చెప్పేది, నేను ఆమెకు ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఇద్దరం పెద్దగా బాగుపడలేదు.

పొద్దంతా రీడింగ్ హాల్లో కూర్చుని నడుములు పట్టేస్తే, ఐదున్నరకు నడకకు బయలుదేరేవాళ్లం. అశోక్‌నగర్ గల్లీల్లోంచి చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీదికి వచ్చి, మెట్రో స్తంభాల కింద నారాయణగూడ చౌరస్తా దాకా వెళ్లి, చాయ్ తాగి వెనక్కి రావడం. దారంతా మాలాంటివాళ్లే, చేతిలో నోట్సు, నోట్లో బిట్లు. ఒక రోజు అక్క అడిగింది.

“దిండు కింద గా పుస్తకం ఏందే? సిలబస్‌ల లేదు గద.”

“నవల అక్కా.”

“ఇంగ్లీషా?”

“ఊఁ.”

“అయితె నాకు తెలుగుల చెప్పు. ఇంగ్లీష్ ముచ్చట్లు నా చెవుల వడ్డట్టయితది.”

అట్లా మొదలైంది. ఆ నవల గురించి ఇక్కడ చెప్పాలి. ఒక పెద్ద నౌక వేరే లోకానికి బయలుదేరుతుంది. చేరడానికి కొన్ని తరాలు పడుతుంది, తిండి సరిపోదు. అందుకని సగం మంది ఒక ఏడాది మేలుకుంటే మిగతా సగం మంది వేరేచోట పెట్టెల్లో ఏడాదంతా నిద్రపోతారు. మరుసటి ఏడాది వీళ్లు నిద్రకు, వాళ్లు పనికి. మేలుకున్న ఏడాది రాత్రుళ్లు పడుకోవడానికి ఇద్దరికి ఒకే పడక. ఒకామె విత్తనాల గది చూసుకుంటుంది. ఆమె నిద్రకు వెళ్లిన ఏడాది అదే పడకలో పడుకుని, నీళ్ల పైపులు బాగుచేసేది ఇంకొకామె. ఒకరినొకరు ఎప్పుడూ చూడలేదు. ముందు పడకలో ఒకరి వస్తువు ఒకరికి దొరుకుతుంది, తర్వాత చీటీలు, తర్వాత ఉత్తరాలు. అట్లా ప్రేమ పుడుతుంది.

నేను అక్కకు ఈ కథ చెప్పడం మొదలుపెట్టి, చిక్కడపల్లి మెట్రో స్టేషను దాటేసరికి పైపులామెను మగవాడిని చేసేశాను. ముందు అనుకుని చేసింది కాదు. నోటి దాకా వచ్చిన మాట అక్కడే తిరగబడింది.

భయం. ఇంకేం లేదు. చేయి చాస్తే తగిలేంత దూరంలో అక్క పడుకునేది. నా తలకు నూనె పెట్టేది. స్నానం చేసి వచ్చి నా ముందే చీర మార్చుకునేది. నా సంగతి తెలిస్తే ఇవన్నీ ఆగిపోతాయని నాకు గట్టి నమ్మకం. డిగ్రీలో ఒక స్నేహితురాలికి చెప్పి చూశాను, ఆమె మరుసటి రోజు నుంచి బెంచీ మారింది. హాస్టల్లో బెంచీ మారడం ఉండదు, గది మారడం ఉంటుంది. అక్క గది మారితే కారణం అందరూ అడుగుతారు. అదలా ఉంచి, అక్క లేని గదిలో నేను ఉండలేను. అక్క మీద నాకు వేరే ఇష్టమేమీ లేదు. చదివేవాళ్లు దానికోసం కాచుకుని కూర్చోకుండా ముందే చెబుతున్నాను. నాకు ఈ ఊళ్లో మనిషంటూ ఉన్నది ఆమె ఒక్కతే. అంతే.

ఒక అబద్ధం ఆడితే దాన్ని నిలబెట్టడానికి వంద ఆడాలంటారు. నేను లెక్కపెట్టలేదు కానీ వంద దాటే ఉంటాయి. అక్క పరీక్షలకు చదివే మనిషి. ప్రతి వాక్యంలో లొసుగు వెతకడం ఆమె వృత్తి.

“మొగోడు పండిన పక్కల ఆడపిల్లను ఎట్ల పండవెడ్తరే? అంత పెద్ద ఓడల వార్డెన్ లేదా?”

“ఆ ఓడల గట్ల పట్టింపు లేదక్కా.”

“పట్టింపు లేకుంటె లొల్లి గాదా?”

“ఇద్దరు ఒక్కసారి మేల్కొని ఉండరు గదా.”

ఆమె కొంచెం ఆలోచించి ఒప్పుకుంది. పుస్తకంలో పైపులామె పడకలో జడపిన్ను వదిలి వెళ్తుంది, నేను దాన్ని దువ్వెన చేశాను. లంగా నాడాను తాడు ముక్క చేశాను. అసలు చిక్కు ఏడో అధ్యాయంలో వచ్చింది. విత్తనాలామెకు నెలసరి నొప్పి ఎక్కువ. పైపులామె అది ఆమె చీటీల్లోంచి పసిగట్టి, ఆ పడక కింద నుంచి వేడినీళ్ల పైపు ఒకటి వెళ్లేట్టు మళ్లిస్తుంది. ఏడాది తర్వాత మేలుకునే మనిషి నడుముకు వెచ్చగా తగలాలని. ఆ అధ్యాయం వదిలేద్దామనుకున్నాను. కానీ పుస్తకం మొత్తంలో అదే నాకు అన్నిటికంటే ఇష్టం, వదలబుద్ధి కాలేదు. ఆయనకు అక్కచెల్లెళ్లు ఉన్నారు, అందుకే తెలుసు అని కలిపి చెప్పాను.

అక్క నారాయణగూడ ఫ్లైఓవర్ కింద ఆగిపోయింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“గసొంటి మొగోడు యాడ దొర్కుతడే,” అంది.

అప్పటి నుంచి ఆయన మా ఇద్దరి మధ్య మనిషైపోయాడు. నేను తొట్టి లెక్క తప్పు చేస్తే, “పైపులాయన ఉంటె చెప్తుండె,” అనేది. హాస్టల్లో నీళ్లు రాకపోతే ఆయన్ని తలుచుకునేది. కవాడిగూడ వెళ్లినప్పుడు వాళ్ల అమ్మకు కూడా కథ చెప్పిందట. పొద్దంతా ఇసుక తట్టలు మోసి వచ్చిన ఆ తల్లి, ఒళ్లు నొప్పులతో పడుకుని, తర్వాత ఏమైందని అడిగేదట.

ఒక ఆదివారం అక్క రొట్టెలతో పాటు ఒక వార్త తెచ్చింది. సంబంధం వచ్చిందని, అబ్బాయి కరెంటు ఆఫీసులో చేస్తాడని, అక్క వద్దన్నదని.

“ఎందుకక్కా?”

“నొప్పొస్తె ఏం జేస్తవని అడిగిన. టాబ్లెట్ ఏసుకో అంటనన్నడు.”

ఆమె నవ్వలేదు, నేను కూడా నవ్వలేదు. లేని మనిషిని చూపించి ఉన్న మనిషిని కాదనిపించాను. అబ్బాయి టాబ్లెట్ వేసుకోమన్నాడు, తప్పేముంది, నేనూ టాబ్లెట్టే వేసుకుంటాను. అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. రొట్టె తిని ఊరుకున్నాను.

ఆ తర్వాత పదిరోజులకు నాకు కామెర్లు వచ్చాయి. హాస్టల్ నీళ్ల వల్ల అని డాక్టరు, ఎండలో తిరగడం వల్ల అని వార్డెనమ్మ. నాన్న వచ్చి జనగామ తీసుకెళ్లారు. నేను ఎప్పుడూ అక్కకు చెప్పే చోటు కంటే ఒకటి రెండు అధ్యాయాలు ముందు చదువుతుండేదాన్ని. ఇంకో నలభై పేజీలు మిగిలి ఉన్నాయి. ఆ కంగారులో పుస్తకం దిండు కిందే వదిలేశాను. బస్సులో జనగామ దగ్గరపడ్డాక గుర్తొచ్చింది. అక్కకు ఇంగ్లీషు నవల చదవడం రాదులే అని సర్దిచెప్పుకున్నాను. ఆమెకు ఇంగ్లీషు నేర్పింది నేనే అన్న సంగతి మరిచిపోయాను. అంటే నా టీచింగ్ మీద నాకు ఎంత నమ్మకమో చూడండి.

ఇరవై రోజులు పథ్యం తిని తిరిగొచ్చాను. గదిలో అడుగుపెట్టేసరికి పుస్తకం అక్క టేబుల్ మీద ఉంది. నేను వేసిన ఖాకీ కాగితం అట్ట తీసేసి ఉంది. తెరిచి చూశాను. ప్రతి పేజీలో ఇంగ్లీషు మాటల మీద పెన్సిల్‌తో తెలుగు అర్థాలు. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా. కొన్ని పేజీల అంచున డేట్లు వేసి ఉన్నాయి, రోజుకు ఎంత చదివిందో లెక్క. సిలబస్ పూర్తి చేసినట్టు పూర్తి చేసింది.

అక్క వచ్చింది. “తగ్గిందా?” అంది. తగ్గిందన్నాను. అంతే. ఆ రోజు మాట్లాడలేదు, మరుసటి రోజు మాట్లాడలేదు. నూనె సీసా కిటికీలో అట్లాగే ఉంది. మా మంచాల మధ్య సందు కొంచెం పెరిగిందా అని చూశాను. కొలిచి పెట్టుకున్నది లేదు కదా, తెలియలేదు. వార్డెనమ్మ మెట్ల మీద ఎదురైతే గది ఖాళీ చేయమంటుందనుకున్నాను. ఆమె అడిగింది నా పథ్యం గురించే. ఆ రెండు రోజుల్లో నేను బట్టలు సర్దుకుని బ్యాగులో పెట్టుకున్నాను. వెళ్లమనక ముందే వెళ్లిపోదామని. మంచి రోషం, ఎవరూ అడగని రోషం.

మూడో రోజు ఐదున్నరకు అక్క చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి, “నడువు,” అంది.

చిక్కడపల్లి రోడ్డు ఎక్కగానే ఒక్కసారే మొదలుపెట్టింది.

“తర్వాత ఏమైందో సూద్దామని నువ్వు ఆపిన కాడికెంచి తీసిన. అర్థం గాలే. మళ్ల మొదటికెళ్లి వచ్చిన. ఇరవై నాలుగో పేజీల గా పైపులాయనకు నెలసరి వస్తదని రాసి ఉన్నది. మొగోనికి నెలసరి ఎట్లొస్తదే? నా ఇంగ్లీషే తప్పనుకున్న. డిక్షనరీల మూడుసార్లు సూసిన. నువ్వు తప్పు చెప్తవని అనుకోలే.”

నేను మెట్రో స్తంభాల మీది నంబర్లు చదువుతూ నడిచాను.

“నీ మీద నమ్మకంతోని పుస్తకమే తప్పనుకున్న. నాకు గదే కోపం.”

“తప్పయిందక్కా.”

“ఆగు. గసొంటి మొగోడు ఉంటడనుకున్న నేను. గాయన కోసం ఏడ్చిన. వచ్చిన సంబంధం వద్దన్న. ఆఖరికి సూస్తె ఆయన ఆడామె. మా అమ్మకు గూడ చెప్పిన గద, ఇప్పుడు పోయి ఏమని చెప్పాలె?”

మెట్రో నెత్తి మీద నుంచి వెళ్లింది. ఆ చప్పుడు ఆగేదాకా ఇద్దరం ఆగాం. ఆమె కోపం నిజం, దానికి కారణం నేను. ఇక దాచి లాభం లేదనిపించింది.

“అక్కా, నేను ఎందుకు మార్చిన్నంటే...”

“నాకెరుకే,” అంది ఆమె. “నీకు సంబంధం లేకుంటె నువ్వెందుకు మారుస్తవ్? ఉన్నదున్నట్టు చెప్పి నవ్వుతుంటివి. గా పేజీ సదివిన్నాడే సమజైంది.”

నడుస్తూనే ఉన్నాం. ఆమె నా వైపు చూడకుండా ఇంకో మాట చెప్పింది.

“నువ్వు లేనప్పుడు మంచం అటు గోడకు జరిపిన. అబద్ధం ఎందుకు చెప్పాలె. రెండు దినాలు గట్లనే పన్న. ఫ్యాన్ గాలి రాలే. మళ్ల ఇటు తెచ్చిన.”

“ఫ్యాన్ గాలి కోసమా?”

“మరెందుకనుకున్నవ్?” అంది. కొంగు నడుముకు దోపుకుని, “నాకు గియన్ని కొత్త. జర టైం వడ్తది. గానీ నువ్వు బ్యాగు ఎందుకు సదురుకున్నవే? నేను పొమ్మన్ననా?”

లేదన్నాను. నా మొహం ఎట్లా ఉందో తెలియదు. ఎదురొచ్చే ఇద్దరు కుర్రాళ్లు నోట్సు చూడడం మాని నన్ను చూశారు.

నారాయణగూడ చౌరస్తాలో చాయ్ తీసుకున్నాం. నాకు కామెర్లని అక్క ఒక్కటే చాయ్ చెప్పి, నాకు చెరుకురసం తాగించింది. తాగుతుండగా అడిగింది, “ఆఖరికి ఏమైతదో నీకెరుకనా?”

“తెల్వదు. నలభై పేజీలున్నయ్.”

“అయితె ఇను,” అంది. గ్లాసు పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది.

“గా విత్తనాలామె చీటీ రాస్తది. నువ్వు నిద్రకు పోయేనాడు అర్ధగంట దాసుకో, నన్ను లేపేదాక ఉండు అని. పట్టుకుంటె కత కతం. ఇద్దర్ని నిద్రల్నే ఉంచేస్తరు. ఈమె పరేషాన్ అయితది. ఉండాల్నా పోవాల్నా. ఉంటది. పైపులు పోయే సొరంగంల దాసుకుంటది. ఆమెను లేపుతరు. ఆమె సక్కగ విత్తనాల గదికొస్తది. వస్తె, ఈమె గాడ మూలకు కూసొని ఉంటది. ఆమె ఈమెను సూస్తది. ఈమె ఆమెను సూస్తది...”

నేను అప్పటికి ఐదారేళ్లుగా ఇటువంటి పుస్తకాలు చదువుతున్నాను. అన్నీ ఇంగ్లీషే. అందులో ఎంత గొప్పగా రాసినా, నాలో ఒక భాగం ఎప్పుడూ అనువాదం చేసుకుంటూ, గడపకు అవతలే నిలబడి ఉండేది. ఇద్దరు ఆడవాళ్లు ప్రేమించుకున్న కథ ఒక మనిషి నోట, నా ఇంట్లో మాట్లాడే భాషలో వినడం నాకు అదే మొదటిసారి. అక్క ఎక్కడా తడబడలేదు. ఆమె, ఈమె అని చేతులతో అటొకరిని ఇటొకరిని చూపిస్తూ, పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టు చెప్పుకుపోయింది. నేను నిలబడి ఏడ్చాను. చెరుకురసం బండి ఆయన ఏమైందమ్మా అని అడిగాడు. పానం బాగలేదన్న, అని అక్క ఆయనకు చెప్పి, నాతో, “ఆఖరిది ఇను,” అంది.

“ఇద్దరు కూసుంటరు. అర్ధగంటల సగం గట్లనే పోతది. ఏం మాట్లాడాల్నో తెల్వదు ఇద్దరికి. అన్నేండ్లు చీటీలు రాసుకున్నరు గద, ఇప్పుడు నోట్లె మాట రాదు. ఆఖర్కి ఈమె అడుగుతది ఆమెను. ఏడాది సంది పన్నవు, బువ్వ తిన్నవా అని. ఆమె లేదంటది. గప్పుడు ఈమె లేచి, సంచిల కెంచి తీసి, ఆమెకు వెడ్తది. ఆమె తింటాంటె సూసుకుంట కూసుంటది. గంతే. గంట కొడ్తరు. అయిపోయింది.”

మరుసటి రోజు పొద్దున, అక్క స్నానానికి వెళ్లినప్పుడు, నేను ఆ నలభై పేజీలు చదివాను. చాలా మంచి వాక్యాలు. విత్తనాల గది ఉంది, సొరంగం ఉంది, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. గంట మోగేదాకా ఒకరి చేతులు ఒకరు చూసుకుంటారు, ఒక్క మాట కూడా అనుకోరు. తిన్నావా అని అడగడం, తీసి పెట్టడం పుస్తకంలో ఎక్కడా లేవు. పేజీలు అతుక్కుపోయాయేమోనని మళ్లీ తిప్పి చూశాను, లేవు. అవి అక్క పెట్టినవి.